మలుపును తిరగరాతలో పట్టుకోవడం ఎలా: డార్త్ వేడర్ చిత్తుప్రతులు నేర్పేది

కొత్తగా సినిమా కథలు రాయడం మొదలుపెట్టినవారిలో చాలామంది ముందు మలుపును ఖాయం చేసుకుని, ఆ తరువాత కథను వెతుక్కుంటారు. హీరో ప్రాణస్నేహితుడే హంతకుడు అనో, చనిపోయాడనుకున్న అన్న బతికే ఉన్నాడు అనో ఒక వాక్యం చేతికి దొరుకుతుంది. ఇక మిగిలిన వంద పేజీలూ ప్రేక్షకుడిని ఆ వాక్యం దగ్గరికి చేర్చడానికే ఖర్చయిపోతాయి. అలా తయారైన మలుపు థియేటర్లో ఒకసారి ఉలిక్కిపడేలా చేయవచ్చు గాని, రెండోసారి చూసినప్పుడు దానికి ముందున్న సీన్లన్నీ కాలక్షేపం కోసం పెట్టినట్టే కనిపిస్తాయి. నిలిచే మలుపు వేరే చోట పుడుతుందని నా గట్టి నమ్మకం. చిత్తుప్రతిలో ఎక్కడో కథ నడవని చోటు ఒకటి ఉంటుంది, దాన్ని బాగుచేయబోయినప్పుడు మలుపు బయటపడుతుంది.

ఈ మాటకు నాకు తెలిసినంతలో అన్నింటికన్నా స్పష్టమైన సాక్ష్యం, ‘స్టార్ వార్స్’ సినిమాల వరుసలో రెండోదిగా 1980 మే నెలలో విడుదలైన ‘ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’. అందులో నల్లని ముసుగు వేసుకున్న ప్రతినాయకుడు డార్త్ వేడర్, తన చేతిలో ఓడిపోయిన కుర్రవాడు ల్యూక్ స్కైవాకర్‌తో, తానే అతని తండ్రినని చెబుతాడు. ఆ రహస్యం ఏ ప్రతి వరకు లేదు, ఏ ప్రతిలో వచ్చింది, వచ్చిన తరువాత ఏమేమి సర్దవలసి వచ్చింది అన్నది వరుసగా చూస్తే, అదే పనిని మన కథలో ఎలా చేయాలో తెలుస్తుంది.

ముందు ప్రతులను పక్కపక్కన పెట్టి చూడండి

ఈ సినిమాల సృష్టికర్త జార్జ్ లూకస్ 1974లో రాసిన తొలి పూర్తి చిత్తుప్రతిలో కథానాయకుడి పేరు ఆనికిన్ స్టార్‌కిల్లర్. అతని తండ్రి కేన్ స్టార్‌కిల్లర్ జెడై అనే మంచిపక్షపు యోధుల్లో ఒకడు, మంచివాడు, అతని శరీరంలో చాలా భాగం యంత్రమే. డార్త్ వేడర్ అనే పేరు ఆ ప్రతిలో ఉంది గాని, అది చక్రవర్తి కొలువులోని ఒక మామూలు సేనాధిపతిది. అతనికి ముసుగు లేదు, కథానాయకుడితో బంధుత్వం అసలే లేదు. శత్రుపక్షంలో ఉండి చివరికి మనసు మార్చుకుని కథానాయకుడికి సాయపడే సిత్ యోధుడు మరొకడున్నాడు, అతని పేరు వాలోరం. అంటే, సగం యంత్రమైన తండ్రి ఒకచోట, చీకటి పక్షం నుంచి వెనక్కి తిరిగే యోధుడు మరొకచోట, వేడర్ అనే పేరు ఇంకొకచోట, మూడూ విడివిడిగా పడి ఉన్నాయి. రాసిన మనిషికే అవి ఒకటి కాగలవని అప్పటికి తెలియదు.

1975 జనవరి ప్రతిలో తండ్రి ఇంకా బతికే ఉన్నాడు, వృద్ధుడైన జెడై గురువుగా కనిపిస్తాడు. తెరమీదికి వచ్చిన 1977 నాటి మొదటి సినిమా ‘స్టార్ వార్స్’లో మాత్రం తండ్రి ఎప్పుడో చనిపోయాడు, ఆయన స్థానంలోకి ఓబీవాన్ కెనోబీ అనే వృద్ధుడు వచ్చాడు, తన శిష్యుడైన వేడరే ద్రోహం చేసి ఆ తండ్రిని చంపాడని ల్యూక్‌కు చెప్పాడు. ఆ మాట రాసినప్పుడు అందులో రెండో అర్థం ఏదీ దాగి లేదని ప్రతుల వరుసే చెబుతుంది.

రెండో సినిమాకు తొలి స్క్రీన్‌ప్లే రాసినవారు లీ బ్రాకెట్. ఆమె అంతరిక్ష నవలలతో పేరు తెచ్చుకున్న రచయిత్రి, 1946 నాటి ‘ద బిగ్ స్లీప్’ స్క్రీన్‌ప్లేలో కూడా ఆమె చేయి ఉంది. 1978 ఫిబ్రవరిలో ఆమె ఇచ్చిన ప్రతిలో ల్యూక్ తండ్రి ఆత్మరూపంలో కొడుకు ముందుకు వస్తాడు, అతని చేత జెడై ప్రమాణం చేయిస్తాడు, అతనికి ఒక కవల సోదరి ఉందని కూడా చెబుతాడు. అదే ప్రతిలో ఓబీవాన్ ఆత్మ కూడా ఉంది, తరువాత యోడాగా మారిన మరుగుజ్జు గురువు కూడా ఉన్నాడు. వేడర్ వేరే మనిషి. ల్యూక్‌ను తన వైపు లాక్కోవాలని చూస్తాడు గాని, ఇద్దరి మధ్యా యుద్ధవైరం తప్ప వేరే ముడి లేదు. ఆ మరుసటి నెలలోనే బ్రాకెట్ క్యాన్సర్‌తో మరణించారు. తదుపరి ప్రతిని లూకస్ స్వయంగా చేత్తో రాసుకోవలసి వచ్చింది, 1978 ఏప్రిల్ నాటి ఆ ప్రతిలో వేడర్ మొట్టమొదటిసారిగా ‘నేనే నీ తండ్రిని’ అన్నాడు. ఆ పైన లారెన్స్ కాస్డన్ అనే రచయిత వచ్చి స్క్రీన్‌ప్లేను తీర్చిదిద్దారు.

వేడర్ అన్న పదానికి డచ్చి భాషలో తండ్రి అనే అర్థం ఉందని, కాబట్టి ఇదంతా మొదటినుంచీ అనుకున్నదేనని చాలామంది చెబుతారు. ఆ పేరును మోసిన తొలి పాత్ర ఎవరికీ తండ్రి కాని ఒక సేనాధిపతి అన్న సంగతి గుర్తుంటే ఆ వాదన నిలబడదు. రాసేవారికి ఇది చాలా ధైర్యం ఇచ్చే విషయమని నేను అనుకుంటాను, ఎందుకంటే మొదటి ప్రతి రాసేనాటికి మలుపు తెలియకపోవడం లోపం కాదు. 1999 నాటి ‘ద సిక్స్త్ సెన్స్’ విషయంలోనూ ఇదే జరిగింది. ప్రధాన పాత్ర అయిన డాక్టరు చనిపోయినవాడన్న సంగతి తనకు దాదాపు అయిదో ప్రతి దగ్గరగాని తట్టలేదని మనోజ్ నైట్ శ్యామలన్ చెప్పారు.

అందుచేత మీరు చేయవలసిన మొదటి పని, పాత ప్రతులను చెరిపివేయకుండా తేదీలతో సహా దాచుకోవడం. ఒకే ఫైలులో దిద్దుతూ పోయేవారికి, మూడు నెలల కిందట తీసివేసిన పాత్రలో ఏముందో గుర్తుండదు. తీసివేసిన పాత్రల గుణాలనే తరువాతి మలుపు అడుగుతుంది. కేన్ స్టార్‌కిల్లర్ యంత్రశరీరం, వాలోరం పశ్చాత్తాపం రెండూ చివరికి వేడర్‌లోనే చేరాయి, చూడండి.

ఒకే పని చేస్తున్న ఇద్దరిని పట్టుకోవడం

బ్రాకెట్ ప్రతిలోని ఇబ్బంది ఏమిటంటే, ల్యూక్‌కు దారి చూపే పెద్దమనుషులు ముగ్గురయ్యారు. తండ్రి ఆత్మ, ఓబీవాన్ ఆత్మ, మరుగుజ్జు గురువు, ముగ్గురూ మంచివారే, ముగ్గురూ చెప్పేది దాదాపు ఒకటే. మరోవైపు ప్రతినాయకుడికి కథానాయకుడి మనసులో చోటు లేదు. ఒకచోట పాత్రలు ఎక్కువై, ఇంకొకచోట బంధం తక్కువైనప్పుడు, ఎక్కువైనదాన్ని తెచ్చి తక్కువైనచోట పెట్టవచ్చన్న ఆలోచన రావాలి. లూకస్ ప్రతిలో జరిగింది సరిగ్గా అదే. ఆయన మనసులో ఆ క్షణాన ఏం మెదిలిందో గాని, కాగితం మీద కనిపించేది మాత్రం ఒక పాత్ర తగ్గడం, మిగిలిన పాత్ర రెట్టింపు బరువెక్కడం.

మీ చిత్తుప్రతి ముందు పెట్టుకుని, ఒక్కొక్క పాత్ర పేరు పక్కన ‘ఈ మనిషి లేకపోతే ఏ సీను ఆగిపోతుంది?’ అన్న ప్రశ్నకు జవాబు రాయండి. ఇద్దరి పక్కన ఒకే జవాబు వచ్చిందంటే, వారిలో ఒకరిని తీసివేయవలసి ఉంటుంది. సాధారణంగా మనం ఇద్దరు మంచివారినీ కలిపి ఒకరిని చేస్తాం. దానివల్ల కథ కుదురుగా అవుతుంది గాని మలుపు రాదు. తండ్రిని ఓబీవాన్‌లో కలిపి ఉంటే సినిమా నాలుగు నిమిషాలు తగ్గేది, అంతే. తీసివేసిన పాత్ర చేస్తున్న పనిని, ఎవరి చేతికిస్తే కథానాయకుడికి అన్నింటికన్నా ఎక్కువ నొప్పి కలుగుతుందో వారి చేతికి ఇవ్వాలి. ఈ ఒక్క అడుగే మొత్తం పద్ధతికి ప్రాణం.

ఒక చిన్న కథ మీద దీన్ని చేసి చూద్దాం. గోదావరి లంకలో పడవ నడిపే కుర్రవాడు శీను. అతను నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు తండ్రి వరదలో పోయాడు. తండ్రి ఎంత మంచివాడో చెబుతూ పెంచే మేనమామ ఒకడు, పడవ పని నేర్పే ముసలి సరంగు ఒకడు, రేవును ఆక్రమించుకున్న ఇసుక కాంట్రాక్టరు ఒకడు ఉన్నారు. మేనమామ, సరంగు ఇద్దరూ తండ్రిలేని పిల్లవాడికి తండ్రి చోటు నింపే పనే చేస్తున్నారు, కాబట్టి మేనమామను తీసివేయాలి. అయితే తండ్రి చివరి రోజు గురించి తెలిసినవాడు అతనొక్కడే. ఆ జ్ఞాపకాన్ని సరంగుకు ఇస్తే ఏమీ జరగదు. కాంట్రాక్టరుకు ఇచ్చి చూడండి. ఆ రోజు అదే పడవలో అతనూ ఉన్నాడు, తండ్రి నీళ్లలో దూకి ఒడ్డుకు చేర్చింది అతన్నే. శీను ఎవరి పడవలను తగలబెట్టాలని అర్ధరాత్రి రేవుకు వచ్చాడో, ఆ మనిషి దగ్గర తప్ప తన తండ్రి చివరి మాట ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొత్త పాత్ర ఏదీ చేర్చలేదు, పైగా ఒకటి తగ్గింది.

బంధుత్వం బయటపడే కథలు తెలుగువారికి కొత్త కాదు. లవకుశులు తండ్రి అని తెలియక రాముడి సైన్యంతో తలపడటం మనకు చిన్ననాటి నుంచీ తెలుసు. అయితే అక్కడ చూసేవారికి ముందే తెలుసు, పాత్రలకు తెలియదు; మన ఉత్కంఠ అంతా ఆ తేడాలో ఉంటుంది. వేడర్ కథలో చూసేవారికీ ల్యూక్‌కూ ఒకే క్షణంలో తెలుస్తుంది. మీ కథకు ఈ రెంటిలో ఏది సరిపోతుందో ముందుగా తేల్చుకోండి, ఎందుకంటే మొదటి పద్ధతిలో రహస్యం దాచనవసరం లేదు, రెండో పద్ధతిలో ప్రతి పేజీలోనూ దాచాలి. ఏ పద్ధతైనా, బయటపడిన నిజం తరువాతి చర్యను మార్చాలి. కర్ణుడు తన పుట్టుక సంగతి తెలిసిన తరువాత కూడా పక్షం మారలేదు, కాని అర్జునుడిని తప్ప మిగిలిన నలుగురినీ చంపనని కుంతికి మాట ఇచ్చాడు. ఆ తరువాత యుద్ధంలో అతను వదిలిపెట్టిన ప్రతి పాండవుడి వెనుకా ఆ మాట ఉంది.

వెనక్కి వెళ్లి మాటలు సర్దడం

మలుపు దొరికిన తరువాత పని మొదలవుతుంది. ముందున్న సీన్లు దాన్ని మోయగలవో లేదో చూడాలి. లూకస్‌కు ఇక్కడ ఒక కఠినమైన పరిమితి ఉంది, ఎందుకంటే మొదటి సినిమా అప్పటికే విడుదలైపోయింది, అందులో ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. అయినా అందులోని ఒక చిన్న సంభాషణ ఆయన్ని ఆదుకుంది. ల్యూక్ వ్యవసాయం చేసే మనిషి కాడని, అతనిలో తండ్రి పోలికలు ఎక్కువగా ఉన్నాయని పిన్ని అంటుంది. తన భయమంతా అదేనని బాబాయి జవాబిస్తాడు. 1977లో దాని అర్థం, తండ్రిలాగే యుద్ధానికి వెళ్లి చచ్చిపోతాడేమో అని. 1980 తరువాత అదే మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. రాసినప్పుడు ఉద్దేశించని అర్థాన్ని ఆ వాక్యం మోయగలిగిందంటే, భయానికి కారణం ఏమిటో అందులో చెప్పకపోవడమే అందుకు కారణం. కారణం చెప్పకుండా భావం మాత్రమే పలికే వాక్యాలు మీ ప్రతిలో ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోండి, తరువాత అవే పనికివస్తాయి.

రెండో సినిమాలోని మాటలు మాత్రం తెలిసే రాసినవి. స్కైవాకర్ కొడుకు జెడై కాకూడదని చక్రవర్తి వేడర్‌తో అంటాడు. ల్యూక్‌లో తండ్రిలాగే కోపం ఎక్కువ అని యోడా అంటాడు. రెండూ నిజాలే, ఒక్క అబద్ధమూ లేదు, అయినా రహస్యం బయటపడదు. గుహలో ల్యూక్ వేడర్ నీడను నరికినప్పుడు, పగిలిన ముసుగు వెనుక తన ముఖమే కనిపిస్తుంది. అది చూసి మనం దాన్ని హెచ్చరికగా తీసుకుంటాం, రక్తసంబంధంగా తీసుకోం. తెలిసిన పాత్రలు అబద్ధం ఆడకుండా, తమలో తాము మాట్లాడుకునే సహజమైన మాటలనే ప్రేక్షకుడు తప్పుగా అర్థం చేసుకోవాలి. దీన్ని సాధించడానికి రాసేవారు తమ భాషలోని మెలికలను నమ్ముకోవాలి.

మన శీను కథలో తల్లి మొదటి సీనులోనే ఒక మాట అనవచ్చు: ‘ఆ రోజు పడవలో వెళ్లినవాళ్లలో మీ నాన్న ఒక్కడే తిరిగి రాలేదు.’ మొదటిసారి వినేవారికి అందులో దుఃఖం మాత్రమే వినిపిస్తుంది. నిజం తెలిసిన తరువాత ‘ఒక్కడే’ అన్న మాట దగ్గర చెవి ఆగుతుంది. మిగిలినవారు తిరిగి వచ్చారు, వారెవరో ఆమెకు తెలుసు, ఇన్నేళ్లూ ఆ పేరు చెప్పలేదు. ఇలాంటి వాక్యాలు ఒక స్క్రిప్టుకు మూడు చాలు. అంతకు మించితే చూసేవారు ముందే పసిగడతారు.

చెప్పే సీను

నిజం బయటపడే చోట మాటలు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. ఎంపైర్ సినిమాలోని ఆ సీనును మాట మాటగా విప్పి చూడండి. ల్యూక్ చేయి అప్పుడే తెగిపోయింది, కత్తి పోయింది, వెనుక శూన్యం, పట్టుకోవడానికి ఒక ఇనుప కమ్మీ మాత్రమే ఉంది. తండ్రికి ఏం జరిగిందో ఓబీవాన్ నీకు చెప్పలేదని వేడర్ మొదలుపెడతాడు. ల్యూక్ ఎదురుతిరిగి, చెప్పాడని, నువ్వే చంపావని చెప్పాడని అరుస్తాడు. పాత అబద్ధాన్ని కథానాయకుడి నోటితోనే ఇంకొక్కసారి, గట్టిగా, నమ్మకంగా చెప్పించిన తరువాత మాత్రమే దాన్ని కూల్చారు. ఆ వరుస లేకపోతే మూడేళ్ల కిందట విన్న మాట ప్రేక్షకుడికి గుర్తుండేది కాదు. వేడర్ జవాబు కాదు అన్న మాటతో మొదలవుతుంది, ఆ వెంటనే తాను తండ్రినని చెబుతుంది, అక్కడితో ఆగుతుంది. ఎలా, ఎప్పుడు, ఎందుకు అన్న వివరణ ఒక్కటీ లేదు, వెనక్కి తీసుకువెళ్లే ఫ్లాష్‌బ్యాక్ కూడా లేదు. మన కథాచర్చల్లో ఇక్కడే పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెట్టమనే సలహా తప్పకుండా వస్తుంది. దాన్ని మరో ఇరవై నిమిషాలు వాయిదా వేయండి, ముందు ఆ మనిషి ఏం చేస్తాడో చూపండి. ల్యూక్ చేయి వదిలేసి శూన్యంలోకి పడిపోతాడు. అదే అతని జవాబు.

రహస్యం కాపాడటం దర్శకుడి బాధ్యతే గాని, అందులోనూ రచయితకు ఒక పాఠం ఉంది. సెట్‌లో వేడర్ దుస్తుల్లో ఉన్న డేవిడ్ ప్రౌజ్‌కు ఇచ్చిన మాట వేరు, ఓబీవానే నీ తండ్రిని చంపాడన్నది ఆయన పలికిన వాక్యం. అసలు మాటను తరువాత జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతుతో డబ్బింగులో చేర్చారు. అయితే ల్యూక్‌గా నటించిన మార్క్ హామిల్‌కు మాత్రం షాట్‌కు కాస్త ముందు దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్ నిజం చెప్పారు, లేకపోతే ఆ ముఖంలో ఆ బాధ వచ్చేది కాదు. నకిలీ వాక్యం కూడా నమ్మదగిన మలుపే కావడం గమనించండి. మీ అసలు మలుపు పక్కన అలాంటి రెండో వాక్యం ఒకటి రాసుకుని, రెంటినీ అదే సీనులో పెట్టి చదవండి. నకిలీ వాక్యంతో సీను అంతే బాగుందనిపిస్తే, మీ మలుపు ఇంకా పండలేదు.

అప్పు తీర్చడం

ప్రతి మలుపూ ఎవరో ఒకరిని అబద్ధాలకోరుగా మిగులుస్తుంది. ఇక్కడ ఆ మనిషి ఓబీవాన్. ఎంపైర్ చివర్లోనే, వేలాడుతూ ఉన్న ల్యూక్ తనకు ఎందుకు చెప్పలేదని బెన్‌ను, అంటే ఓబీవాన్‌ను, తలచుకుని అడుగుతాడు. ప్రేక్షకుడి మనసులోని ప్రశ్నను ఆలస్యం లేకుండా పాత్ర చేతనే అడిగించడం చాలా తెలివైన పని. జవాబు మాత్రం 1983లో మూడో సినిమాలో వచ్చింది. ముందు యోడా నిజమేనని ధ్రువీకరిస్తాడు, ఆ తరువాత ఓబీవాన్ ఆత్మ వచ్చి, మంచివాడైన స్కైవాకర్ వేడర్‌గా మారిన రోజునే చచ్చిపోయాడని, కాబట్టి తాను చెప్పింది ఒక దృష్టితో చూస్తే నిజమేనని అంటుంది. ఆ వివరణ నాకు ఎప్పుడూ పూర్తిగా తృప్తి కలిగించలేదు. అయినా సీను నిలబడటానికి కారణం, ల్యూక్ కూడా దానికి తృప్తిపడకపోవడం. అబద్ధమాడిన పాత్రను మీరు సమర్థించవలసిన పని లేదు, అతన్ని నిలదీయడానికి కథానాయకుడికి చోటు ఇస్తే చాలు.

అదే మూడో సినిమాలో, మొదటినుంచీ ల్యూక్ పక్షాన పోరాడుతున్న రాకుమారి లేయా అతనికి కవల సోదరి అన్న రెండో రహస్యం కూడా బయటపడింది. కవల సోదరి ఆలోచన బ్రాకెట్ ప్రతిలోనే ఉంది గాని అక్కడ ఆమె ఎక్కడో దూరంగా పెరుగుతున్న మనిషి, లేయా కాదు. ల్యూక్ కాక ఆశ పెట్టుకోదగినవారు ఇంకొకరున్నారని యోడా రెండో సినిమాలో అన్నమాట వాస్తవమే, కాని అదే సినిమాలో లేయా ల్యూక్‌ను పెదవుల మీద ముద్దు పెట్టుకుంటుంది. ఇక్కడ కూడా ఇద్దరు మనుషులను ఒకటి చేశారు, అయితే వెనక్కి వెళ్లి సర్దడానికి ఆ సినిమా అప్పటికే విడుదలైపోయింది. మొదటి మలుపు పాత మాటలకు కొత్త అర్థం ఇచ్చింది, రెండోది పాత సీనును చూడలేనిదిగా చేసింది. ఈ రెంటినీ ఒకే రోజు వరుసగా చూస్తే, ఎంత సర్దుబాటు అవసరమో ఏ పాఠ్యపుస్తకం చెప్పనంత బాగా తెలుస్తుంది.

మీ స్క్రిప్టు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి ఆ ఇబ్బంది మీకు లేదు. రహస్యం తెలిసిన పాత్రలు ఎవరెవరో ఒక కాగితం మీద రాసి, ఆ పాత్రలున్న సీన్లను మాత్రమే మొదటి పేజీ నుంచి వరుసగా, మిగిలినవన్నీ వదిలేసి, పైకి చదవండి. శీను కథలో అయితే తల్లి, కాంట్రాక్టరు. రేవులో వారిద్దరూ ఎదురుపడిన ప్రతి చోటా ఎవరు ముందు చూపు తిప్పుకుంటారో, ఎవరు ఎవరి పేరు పలకరో చూసుకోండి. ఏ సీనులోనైనా వారు నిజం తెలియని మనుషుల్లా మాట్లాడుతున్నారనిపిస్తే, పెన్సిల్‌తో అక్కడ గీత పెట్టి, ఆ సీనును మళ్లీ రాయండి.